పంపు ఆపేదెవరు?

చిలమత్తూరు మండలంలో బోరు బండి ఆగిందంటే మామూలుగా రెండే కారణాలు. నీళ్లయినా పడి ఉండాలి, రైతు దగ్గర డబ్బయినా అయిపోయి ఉండాలి. తిరుచెంగోడు బండి కంప్రెసర్ మోతతో రాత్రంతా రాతిని పిండి చేస్తుంటే, ఇంటిల్లిపాదీ గట్టు మీద కూర్చుని పైకి ఎగిరే పొడి తడి తిరుగుతుందా అని చూస్తుంటారు. ఆరు వందల అడుగులు, ఎనిమిది వందలు, వెయ్యి. కింద ఉన్నదేదో పైకి రాకపోవడమే ఇక్కడి కష్టం. అదృష్టం బాగుండి రెండించుల నీళ్లు పడినా మోటారు దించి లాక్కోవాల్సిందే.

చమురు బావి దగ్గర లెక్క తలకిందులు. అక్కడ కింద ఉన్నది పిలవకపోయినా వస్తుంది. వేల మీటర్ల లోతున, రాతి సందుల్లో చిక్కుకున్న గ్యాసు మీద పైనున్న నేల, నీరు లక్షల ఏళ్లుగా బరువు మోపి ఉంటాయి. తవ్వే బిట్టు ఆ రాతిని తాకగానే దానికి దారి దొరుకుతుంది. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ 19వ నంబరు బావి అలాగే బ్లోఅవుట్ అయి అంటుకుంది. విదేశీ నిపుణులను రప్పించి ఆర్పేసరికి మార్చి 15 వచ్చింది. అరవై అయిదు రోజుల మంట అది.

పాశర్లపూడి నేల మీది బావి. పొలాలకు అడ్డం పడి పరుగెత్తడానికి చోటుంది, ఊళ్లు ఖాళీ చేయించడానికి రోడ్లున్నాయి. అదే నడిసముద్రంలో జరిగితే ఉక్కు స్తంభాల మీద నిలిచిన మేడ ఒకటి, దాని చుట్టూ నీళ్లు. కృష్ణా గోదావరి బేసిన్‌లో పెద్ద పెద్ద పథకాలన్నీ ఇప్పుడు ఆ నీళ్లలోనే ఉన్నాయి. సూరసానియానం ఎదురుగా రవ్వ క్షేత్రం ఎప్పటినుంచో ఉంది. రిలయన్స్ వాళ్ల కేజీ-డీ6 నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది. లోతు నీళ్లలోని కేజీ-98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ 2024 జనవరి 7న తొలి చమురు తీసింది. ఇలాంటి చోట పనిచేసేవాళ్లు ప్రమాదంలో ఏం చేయాలో ప్రమాదంలోనే నేర్చుకుంటామంటే కుదరదు. అందుకే ప్రమాదాన్ని గదిలోకి తెచ్చే ఏర్పాటు చేసుకున్నారు. సిమ్యులేటర్ అంటే అదే.

గదిలో ఏం జరుగుతుందో అర్థం కావాలంటే బావిలో ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. బోరు బండి గాలి కొట్టి తవ్వుతుంది, చమురు రిగ్గు మడ్ కొట్టి తవ్వుతుంది. మడ్ అంటే బంకమట్టి, రసాయనాలు, బరువు కోసం ముగ్గురాయి పొడి కలిపిన చిక్కటి ద్రవం. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయికి దేశదేశాల్లో గిరాకీ ఉన్నది ఇందుకే. అది నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. ఈ మడ్‌ను డ్రిల్ పైపు లోపలి నుంచి కిందికి తోస్తారు. అది బిట్టు దగ్గర బయటపడి, రాతి ముక్కలను మోసుకుంటూ పైపు చుట్టూ ఉన్న ఖాళీలోంచి పైకి వచ్చి, జల్లెడ దాటి తిరిగి తొట్టెల్లో పడుతుంది. ముక్కలు మోయడం దానికి చిన్న పని. బావి అడుగున బరువై కూర్చుని గ్యాసును లోపలే ఉంచడం అసలు పని.

పది మీటర్ల నీటి స్తంభం చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. మూడు వేల మీటర్ల బావి నిండా నీళ్లుంటే అడుగున 300 కిలోలు. నీటికన్నా 1.3 రెట్లు బరువైన మడ్ ఉంటే 390. రాతిలోని గ్యాసు 350తో తోస్తుంటే నీళ్లు ఓడిపోతాయి, మడ్ నిలుస్తుంది. మరీ బరువెక్కిస్తే రాయే పగిలి, మడ్ ఆ పగుళ్లలోకి పారిపోయి, స్తంభం ఎత్తు తగ్గి, మళ్లీ గ్యాసుదే పైచేయి అవుతుంది. ఈ రెండు హద్దుల మధ్య ఇరుకు సందులో డ్రిల్లర్ రోజంతా నడుస్తాడు. లోతు సముద్రంలో ఆ సందు ఇంకా ఇరుకు.

పొరపాటున గ్యాసు గెలిచి కాస్త లోపలికి వచ్చిందనుకోండి, దాన్ని రిగ్గు భాషలో కిక్ అంటారు. వినడానికి పెద్ద తాపు లాగా ఉంటుంది గానీ, మొదట్లో దాని అలికిడే తెలియదు. తొట్టెలో మడ్ మట్టం కొద్దిగా పెరుగుతుంది. పంపు వేగం మారకుండానే తిరిగొచ్చే ధార కాస్త హెచ్చుతుంది. పంపు ఆపినా ధార ఆగదు. అడుగున 300 రెట్ల వాతావరణ పీడనంలో ఒక ఘనపు మీటరు చోటు పట్టిన గ్యాసు, పైకి చేరి ఒత్తిడి పూర్తిగా వదిలితే సుమారు 300 ఘనపు మీటర్లవుతుంది. ఈ ఉబ్బడం చాలావరకు దారి చివర్లో, పైకి దగ్గరయ్యాక జరుగుతుంది. అంటే గంటసేపు ఏమీ కానట్టే ఉండి, ఆఖరి నిమిషాల్లో అంతా ఒక్కసారి అవుతుంది. మనిషి మనసును మోసం చేయడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

కిక్ పసిగడితే చేయాల్సింది తెలిసిందే. బిట్టు తిప్పడం ఆపాలి, పైపు ఎత్తాలి, పంపు ఆపాలి, ధార ఆగిందా లేదా చూడాలి, ఆగకపోతే బావి మూతి మూసేయాలి. మూయడానికి బీఓపీ (బ్లోఅవుట్ ప్రివెంటర్) ఉంది. 1922లో అమెరికాలో అబెర్‌క్రాంబీ, కామెరాన్ అనే ఇద్దరు మొదటి రూపం కనిపెట్టిన ఈ ఉక్కు దవడలు ఇప్పుడు మూడంతస్తుల ఇల్లంత పెరిగాయి. మూయడం మీట నొక్కినంత పని. కష్టం ఆ తరవాతే మొదలవుతుంది. మూసిన బావిలో గ్యాసు ఉబ్బకుండా పైకి పాకితే అడుగు ఒత్తిడినంతా పైకి మోసుకొస్తుంది. ఎక్కడో ఒకచోట పగలగొడుతుంది. పూర్తిగా వదిలేస్తే మరింత గ్యాసు దూరుతుంది. కనక చోక్ అనే వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ, ఉబ్బనిస్తూ, అడుగున మాత్రం ఒత్తిడి మారకుండా ఆ గ్యాసును బయటికి సాగనంపాలి. అది పోయాక ఇంకా బరువైన మడ్‌తో బావి నింపాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, పుస్తకం ఎంత చదివినా చేతికి రానిది. చోక్ ఇప్పుడు తిప్పితే ఆ మార్పు బావి అడుగుదాకా దిగి, డ్రిల్ పైపులోంచి మళ్లీ పైకొచ్చి మీటరులో కనపడేసరికి మూడు వేల మీటర్ల బావిలో సుమారు 20 సెకన్లు పడుతుంది. కొత్తవాడు తిప్పుతాడు, ముల్లు కదలదు. చాలలేదేమోనని ఇంకాస్త తిప్పుతాడు. ఇంతలో మొదటి తిప్పు ఫలితం వస్తుంది, వెనకే రెండోదీ వస్తుంది. ముల్లు ఎక్కడికో పోతుంది. కంగారుపడి వెనక్కి తిప్పుతాడు. ఇరవై సెకన్లు చేతులు కట్టుకుని ఊరికే నిలబడటమన్నది ఒక విద్య, అది చేసి చేసి రావాల్సిందే. అసలు బావి మీద చేసి చేసి నేర్చుకోనిచ్చేదెవరు?

డెహ్రాడూన్‌లోని ఓఎన్‌జీసీ డ్రిల్లింగ్ టెక్నాలజీ సంస్థ లాంటి చోట్ల ఉన్న సిమ్యులేటర్లు ఈ పనికే. డ్రిల్లర్ కుర్చీ, మీటర్లు, బీఓపీ పలక, చోక్ పలక అన్నీ రిగ్గు మీద ఉన్నట్టే ఉంటాయి. బావి మాత్రం కంప్యూటరులో ఉంటుంది. లోతు, మడ్ బరువు, రాతి ఒత్తిడి, గ్యాసు ఉబ్బే తీరు, ఒత్తిడి అల ప్రయాణించే వేగం అన్నింటినీ సమీకరణాలుగా పెట్టి క్షణక్షణం లెక్కకట్టి ముళ్లను కదుపుతుంది. శిక్షకుడు పక్క గదిలో కూర్చుని ఎప్పుడు గ్యాసు వదలాలో, ఏ మీటరును పాడు చేయాలో, ఏ పంపును మొరాయింపజేయాలో నిర్ణయిస్తాడు. కొన్ని కేంద్రాల్లో చుట్టూ గోడంత తెర మీద రిగ్గు, సముద్రం, మంట కనిపిస్తాయి. చూడటానికొచ్చిన అధికారులకు నచ్చేది ఆ మంటే. నన్నడిగితే మంట బొమ్మ పిల్లలాట లాగా ఉన్నా ఫరవాలేదు, ఆ 20 సెకన్ల ఆలస్యం మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. చోక్ తిప్పగానే ముల్లు కదిలే సిమ్యులేటర్ మనిషికి తప్పుడు అలవాటు నేర్పుతుంది. అలాంటిదాని మీద సాధన చేయడంకన్నా చేయకపోవడం నయం.

సిమ్యులేటర్ ఆలోచన పాతదే. నిలబడ్డ చోటే విమానం నడపడం నేర్పే యంత్రాన్ని 1929లో ఎడ్విన్ లింక్ కట్టాడు. ఆయన కుటుంబం పియానోలు, ఆర్గన్‌లు తయారుచేసేది. గాలి తిత్తుల పనితనం అక్కణ్నుంచే వచ్చింది. 1979లో త్రీ మైల్ ఐలండ్ ప్రమాదం తరవాత అణు విద్యుత్ కేంద్రాలు ఈ దారి గట్టిగా పట్టాయి. చమురు పరిశ్రమలో బావి అదుపు పరీక్షలకు అంతర్జాతీయంగా ఒక పద్ధతి తెచ్చిన ఐడబ్ల్యూసీఎఫ్ సంస్థ 1992లో ఏర్పడింది. డ్రిల్లరూ, అతని పైవాళ్లూ రాత పరీక్షతోపాటు సిమ్యులేటర్ మీద చేసి చూపించి ఆ ధ్రువపత్రం తీసుకుంటారు.

అయితే గదిలో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. సిమ్యులేటర్ ముందు కూర్చున్నవాడికి ఇప్పుడో ఇంకాసేపట్లోనో కిక్ వస్తుందని ముందే తెలుసు. రిగ్గు మీద రాత్రి రెండింటికి, వరసగా పన్నెండో రాత్రి డ్యూటీలో కూర్చున్నవాడికి అది తెలియదు. ఏళ్ల తరబడి ఏమీ జరగని పనిలో కన్ను మొద్దుబారుతుంది. చిలమత్తూరు పక్కనే, గోరంట్ల మండలం పాలసముద్రంలో 2024 జనవరి 16న ప్రారంభమైన కస్టమ్స్ అకాడమీలో ఎక్స్‌రే, సామాను తనిఖీ కేంద్రం ఒకటి ఉంది. ఆ వృత్తిలోనూ ఇదే తంటా: వేల సంచుల్లో ఒక్కదానిలో కూడా తుపాకీ ఉండదు. అందుకని ప్రపంచంలో చాలా విమానాశ్రయాల్లో అసలు సంచి బొమ్మ మీద అప్పుడప్పుడూ కంప్యూటరే ఒక దొంగ ఆయుధాన్ని అతికించి తెర మీదికి వదులుతుంది. చూసేవాడు పట్టుకున్నాడా లేదా నమోదు చేస్తుంది. రిగ్గుల మీద ఇదే ఉపాయం కంప్యూటర్లకన్నా ముందే ఉంది. తొట్టెలో మడ్ మట్టం చెప్పే తేలుడు బిళ్ల ఒకటి ఉంటుంది. రిగ్గు పని చూసే టూల్‌పుషర్ ఎవరికీ చెప్పకుండా వెళ్లి దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని, గడియారం చూసుకుంటాడు. డ్రిల్లర్ మట్టం పెరిగిందని గమనించడానికి ఎంతసేపు పట్టింది, పంపు ఆపడానికి ఎంతసేపు పట్టింది? కోట్ల రూపాయల యంత్రం చేయలేని పని, ఎదురుచూడని క్షణంలో పరీక్ష పెట్టడం, ఆ పైకెత్తిన బిళ్ల చేస్తుంది.

గుర్తుపట్టడం వస్తే చాలా? 2010 ఏప్రిల్ 20న మెక్సికో అఖాతంలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద ఉన్నవాళ్లు అనుభవం లేనివాళ్లు కారు, శిక్షణ లేనివాళ్లూ కారు. ఆ సాయంత్రం బావి గట్టిగా మూసుకుందా లేదా అని పరీక్ష పెట్టారు. రెండు గొట్టాల్లో ఒకే ఒత్తిడి చూపాలి. ఒకటి సున్నా చూపింది, రెండోది 1,400 పీఎస్‌ఐ చూపింది. బావి ఊరుతోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ మడ్ బరువు రబ్బరు ముద్ర మీద పడి అలా చూపిస్తోందని ఎవరో ఒక వివరణ చెప్పారు, అది నిలిచింది. పరీక్ష నెగ్గిందనుకుని బరువైన మడ్‌ను తీసి సముద్రపు నీళ్లు నింపసాగారు. రాత్రి 9.01 నుంచి పంపు వేగం మారకుండానే డ్రిల్ పైపులో ఒత్తిడి పెరగడం యంత్రం నమోదు చేస్తూనే ఉంది. 9.49కి పేలింది. పదకొండు మంది చనిపోయారు. రాత్రిళ్లు తప్పుడు మోతలకు జనం లేవకూడదని రిగ్గు మొత్తానికీ వినిపించే అలారాన్ని తనంతట అది మోగకుండా పెట్టారని అక్కడి ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ తరవాత విచారణలో చెప్పాడు.

ఇక్కడ దెబ్బతీసింది చేతిపని లోపం ఒక్కటే కాదు. 1,400 కళ్లెదురుగా ఉంది. అది చెడు కబురని ఒప్పుకుని, ఇప్పటికే ఆలస్యమైన, రోజుకు లక్షల డాలర్లు తింటున్న పనిని ఆపమని గట్టిగా అనేవాడు లేడు. ఈ ప్రమాదం తరవాతే చమురు ఉత్పత్తిదారుల అంతర్జాతీయ సంఘం, విమాన చోదకులకు ఎప్పటినుంచో నేర్పుతున్న ఒక విద్యను బావి సిబ్బందికీ నేర్పాలని 2014లో సూచనలు వెలువరించింది. పైలట్ తప్పు చేస్తుంటే కో-పైలట్ ఎలా నోరు విప్పాలి, విప్పితే పైలట్ ఎలా వినాలి అన్న విద్య అది. సిమ్యులేటర్ అక్కడ కొత్త రూపమెత్తింది. ఒక్క డ్రిల్లర్ కూర్చుని చోక్ తిప్పే యంత్రంగా ఉన్నది, మొత్తం బృందాన్ని కలిపి కూర్చోబెట్టి వాళ్ల మాటలు రికార్డు చేసే గదిగా మారింది.

మాట అనేది ఎంత పని చేస్తుందో, లేకపోతే ఏమవుతుందో చూడాలంటే పైపర్ ఆల్ఫా చమురు వేదికకు వెళ్లాలి. బ్రిటన్ ఉత్తర సముద్రంలో 1988 జూలై 6 రాత్రి. మరమ్మతు కోసం సేఫ్టీ వాల్వు విప్పి ఉన్న పంపును, ఆ సంగతి తెలియని షిఫ్టు వాళ్లు నడిపారు. గ్యాసు కారి అంటుకుంది. పక్కనున్న క్లేమోర్, టార్టన్ వేదికలు అదే గొట్టపు వ్యవస్థలోకి చమురు, గ్యాసు తోస్తున్నాయి. పైపర్ మండుతోందని తెలిసీ వాళ్లు వెంటనే ఆపలేదు. ఆపితే ఎంత నష్టం, ఎవరి అనుమతి కావాలి అన్న సందిగ్ధంలో పంపులు తిరుగుతూనే ఉన్నాయి. పైపర్ మీద 226 మంది ఉన్నారు, ప్రాణాలతో బయటపడింది 61 మంది. కాపాడబోయిన ఇద్దరితో కలిపి 167 మంది పోయారు. ఆజ్ఞ ప్రకారం వసతి గదుల దగ్గర చేరి హెలికాప్టర్ కోసం ఎదురుచూసినవాళ్లు పొగకు చనిపోయారు. బతికినవాళ్లలో చాలామంది ఆ ఎదురుచూపు మానుకుని, తమంతట తాము కిందికి దిగో, ఎత్తు మీద నుంచి దూకో నీళ్లను చేరినవాళ్లు.

విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 1990లో ఇచ్చిన నివేదికలో 106 సిఫారసులున్నాయి. వేదిక మేనేజరుకు ఆపత్కాలంలో ఆజ్ఞలివ్వడం వచ్చా అన్నది చూసుకోవాలన్నది వాటి సారంలో ఒకటి. అంతకుముందు ఆ పదవికి ఉత్పత్తి పెంచగల ఇంజనీరైతే చాలు. అబర్డీన్ మనస్తత్వ శాస్త్రవేత్త రోనా ఫ్లిన్ ఈ మేనేజర్ల మీద ఏళ్లపాటు అధ్యయనం చేశారు. 1996లో పుస్తకం వెలువరించారు. కల్లెన్ నివేదిక తరవాతి నుంచి ఉత్తర సముద్రపు మేనేజర్లను ఉత్తుత్తి కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టి పరీక్షిస్తున్నారు. ఫోన్లన్నీ ఒకేసారి మోగుతాయి. తలకాయల లెక్క ఒకటి తక్కువ వస్తుంది. గ్యాసు ఏ గదిలో ఉందో చెప్పే దీపాలు రెండు పరస్పర విరుద్ధంగా వెలుగుతాయి. పక్క వేదిక మేనేజరు ఫోన్ చేసి ‘మేం ఆపాలా?’ అంటాడు. పరీక్షకులు చూసేది సరైన జవాబు చెప్పాడా అన్నదొక్కటే కాదు. సగం సమాచారంతో ఎంతసేపట్లో నిర్ణయం తీసుకున్నాడు, ఆ నిర్ణయం తప్పని తేలితే మార్చుకున్నాడా అన్నది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయం వాళ్లు మామూలు కార్మికుడి కోసం కంప్యూటరులో ఒక వేదిక కట్టారు. కేబిన్‌లోంచి లేచి లైఫ్‌బోటు దగ్గరికి నడవాలి. దారిలో పొగ పెడతారు, మైకులో దారి మార్చమంటారు. మనిషి మైకు మాట వింటాడా, అలవాటైన మెట్లవైపే పరుగెడతాడా అన్నది చూస్తారు.

ఇప్పటిదాకా చెప్పినదంతా బుర్ర పని. ఒళ్లు నేర్చుకోవాల్సింది వేరే ఉంది. సముద్రం మీది ఉద్యోగికి రోజూ ఎదురయ్యే ప్రమాదం బావికన్నా ముందు హెలికాప్టరే. దానికి ఇంజన్లు, గేర్‌బాక్సు నెత్తిన ఉంటాయి కాబట్టి నీళ్ల మీద దిగితే తేలికగా తిరగబడుతుంది. తలకిందులుగా, ముక్కులోకి నీళ్లు పోతూ, చీకట్లో బెల్టుకు వేలాడుతున్న మనిషికి పైన ఏది కింద ఏది తెలియదు. అతని చెయ్యి తనంతట తాను బెల్టు మీదికే పోతుంది. అక్కడే చావు ఉంది. బెల్టు విప్పగానే ఒళ్లు తేలి ఎటో పోతుంది, కిటికీ ఎక్కడుందో పోగొట్టుకుంటాడు. కనక వరస వేరు: ఒక చెయ్యి ముందే కిటికీ అంచున ఉండాలి, కుదుపు ఆగేదాకా కదలకూడదు, కిటికీ తోసేసి, అంచు గట్టిగా పట్టుకుని, అప్పుడు బెల్టు. ఇంతే సంగతి. కానీ భయం వేసినప్పుడు ఒళ్లు చెప్పేదానికి ఇది పూర్తిగా ఎదురు. అందుకే ఈత కొలను మీద క్రేనుకు హెలికాప్టర్ డొల్లను వేలాడదీసి, అందులో మనుషులను కట్టేసి, ముంచి, తిరగేసి నేర్పుతారు. రిగ్గు మనుషుల నోట ఇది హ్యూయెట్. పక్కన గజ ఈతగాళ్లుంటారు. అయినా మొదటిసారి దిగేముందు మొహాలు పాలిపోని బృందం ఉండదంటారు.

2022 జూన్ 28న ముంబై హై దగ్గర సాగర్ కిరణ్ రిగ్గుకు వెళ్తున్న పవన్ హంస్ హెలికాప్టర్ సముద్రంలో పడింది. తొమ్మిది మందిలో అయిదుగురు బతికారు. 2024 ఫిబ్రవరి 6న గోవాలో ప్రధాని ప్రారంభించిన ఓఎన్‌జీసీ సముద్ర రక్షణ శిక్షణ కేంద్రం ఏటా పది నుంచి పదిహేను వేల మందికి ఈ విద్య నేర్పాలన్న లక్ష్యంతో కట్టినది. అక్కడ చెడ్డ వాతావరణాన్ని కూడా అదుపులో పెట్టుకుని పుట్టించగలరు. అది చిన్న సంగతి కాదు. 2005 జూలై 27న ముంబై హై నార్త్ వేదికను సముద్ర సురక్ష అనే నౌక తాకినప్పుడు వానాకాలపు అలలున్నాయి. నౌకలో గాయపడ్డ వంటమనిషిని వైద్యం కోసం వేదిక మీదికి చేర్చబోయి, గ్యాసు గొట్టానికి తగిలింది. రెండు గంటల్లో వేదిక లేదు. 362 మందిని కాపాడారు, 22 మంది పోయారు. ఎనిమిది లైఫ్‌బోట్లలో రెండే దిగాయి. లైఫ్‌బోటు దించే సాధన మామూలుగా ప్రశాంతమైన రోజే చేస్తారు, ఎందుకంటే ఈదురుగాలిలో చేస్తే సాధనలోనే మనుషులు పోతారు. కొక్కెం ఊడి బోటు పడి నావికులు చనిపోయిన ఘటనలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అంటే అవసరమయ్యే వాతావరణంలో ఎవరూ సాధన చేసి ఉండరు. ఈ ఇరకాటాన్ని తీర్చగలిగింది సిమ్యులేటర్ ఒక్కటే. కంప్యూటరు పుట్టించిన అలల మీద, ఊగే కుర్చీలో కూర్చుని, మండుతున్న వేదిక నుంచి బోటును దూరంగా తిప్పుకుపోవడం వందసార్లు తప్పు చేసి నేర్చుకోవచ్చు.

ఇంతా చెప్పాక ఎవరికి నేర్పుతున్నాం అన్న ప్రశ్న మిగిలింది. 2021 మే 17న టౌటే తుపానులో ముంబై హై దగ్గర మునిగిన పీ-305 బార్జి మీద 261 మంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువ మంది కాంట్రాక్టు కార్మికులు. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు. దానితోపాటు మునిగిన వరప్రద టగ్గు వాళ్లతో కలిపి 86 మంది చనిపోయారు. తుపాను వస్తోందని రోజుల ముందే తెలుసు. బార్జి ఉండాలా వెళ్లాలా అన్న నిర్ణయంలో వెల్డరుకు పాత్ర లేదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఏ సిమ్యులేటరూ అతన్ని ఆ రోజు కాపాడేది కాదు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను అలాంటి గదిలో కూర్చోబెట్టి, తెర మీద తుపాను దారి చూపిస్తూ, పనిగంటల నష్టం అంకెను పక్కనే పెరగనిస్తూ పరీక్షించి ఉంటే ఏమయ్యేదో అనుకోకుండా ఉండటం నాకు కష్టం.

బావి దగ్గరా అంతే. తొట్టెలో మట్టం పెరగడం, జల్లెడ మీద మడ్ నురగ కట్టడం మొదట కనపడేది చాలాసార్లు తొట్టెల దగ్గర తిరిగే మనిషికి. ధ్రువపత్రం ఉన్నది డ్రిల్లర్‌కు, ఆ పైవాళ్లకు. తొట్టెల మనిషికి కొలనులో మునగడం నేర్పారు, మంటలార్పడం నేర్పారు, సిమ్యులేటర్ గదిలోకి మాత్రం పిలవలేదు. భాష ఒకటి, కులం ఒకటి, కాంట్రాక్టరు ఒకడు, రేపటి కూలి ఒకటి, ఇన్ని అడ్డంకులు దాటి అతను ‘సార్, పంపు ఆపండి’ అనాలి. ఇప్పుడు బల్ల మీది కంప్యూటరులోనే బావి మొత్తం నడిచే సిమ్యులేటర్లు వచ్చాయి. గోడంత తెరలు లేకపోయినా ముళ్లు నిజం చెబుతాయి. వాటితో చేయగల అభ్యాసం ఒకటుంది. డ్రిల్లర్ మీటర్లన్నీ మామూలుగా చూపిస్తాయి. మట్టం పెరిగినట్టు ఒక్క తొట్టెల మనిషి తెర మీదే కనపడుతుంది. శిక్షకుడు ఇద్దరి మధ్యా ఫోన్ పెట్టి తప్పుకుంటాడు. ఫోన్ ఎత్తేదాకా ఎన్ని సెకన్లు, అవతల ‘మీటరు బాగానే ఉంది, నీ పని చూసుకో’ అన్నాక రెండోసారి ఎత్తేదాకా ఎన్ని సెకన్లు, పంపు ఆగేదాకా ఎన్ని సెకన్లు, ఈ మూడూ విడివిడిగా రాసుకుంటాడు.